ఖాజాబీ చెయ్యి

ఈ మాటను మోసి మోసి అలసిపోయాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మా రెక్కల కష్టంతోనే అప్పు తీరిందని ఆయన నమ్ముతాడు. ఆ నమ్మకం కూడా లాగేసుకుంటే ఆయనకేం మిగులుతుంది? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గద్వాల వైపు, గట్టు మండలంలో ఒక ఊరు. పేరు వద్దు. మేం పత్తి పండించేది దూది కోసం కాదు, విత్తనం కోసం. సీడు పత్తి అంటాం. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ రేకులు ఒలిచి లోపలి పుప్పొడి గోటితో గీరేయాలి. పొద్దున్నే మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటాం. గీరకుండా వదిలేసిన మొగ్గ తనంతట తాను కాయ కడుతుంది. ఆ కాయను తెంపి పారేయాలి. దాని గింజ విత్తనానికి పనికిరాదు.

పెట్టుబడి ఆర్గనైజర్ మిత్తికి ఇస్తాడు, కంపెనీకీ మాకూ మధ్య మనిషి అతనే. గింజ కంపెనీకి పోతుంది. వాళ్లు అందులో కొంచెం విత్తి చూస్తారు. తేడా మొక్కలు కనిపిస్తే ఆ రైతు గింజ మొత్తం ఫెయిల్. డబ్బులు రావు. మిత్తి మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మా అప్పు బోర్లతో మొదలైంది. మొదటిది ఎండిపోయింది. రెండోది దుమ్ము పోసింది. మూడోదానికి నీళ్లు వచ్చేసరికి మా పేరు ప్రతి దుకాణం బాకీ పుస్తకంలోనూ ఉంది. ఆర్గనైజర్‌కు ఇవ్వడానికి మహిళా సంఘంలో తీసుకున్నాం, సంఘానికి కట్టడానికి ఊళ్లో తీసుకున్నాం. అప్పు తీర్చడానికి చేసే అప్పు బొంతకు అతుకేసినట్టే, బరువు పెరుగుతుంది తప్ప చలి ఆగదు. ఆ ఏడు గింజ పాసైతే బయటపడతాం, లేకపోతే చేను పోతుంది. అంతే లెక్క.

మా చేను గట్టు పక్కనే ఖాజాబీ కౌలుకు చేసేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. భర్తకు నడుము పడిపోతే ఇల్లంతా తనే లాగేది. క్రాసింగ్‌లో ఆమెకు సాటి మా ఊళ్లో ఎవరూ లేరు. కొత్త కూలీలకు ఆమే నేర్పేది. ఆమె చేసిన మొగ్గను మళ్లీ చూసుకోవలసిన పని ఉండేది కాదు.

నేను అలా చేయలేదు. క్రాసింగ్ చివర్లో కూలీలకు ఇవ్వడానికి చేతిలో పైసా లేదు. వాళ్లు రాలేదు. నేనొక్కదాన్నే ఎన్ని మొగ్గలు గీరగలను? చాలా వదిలేశాను. అవి కాయ కట్టాయి. తెంపేయాలని తెలుసు. తెంపలేదు. తూకమైనా వస్తుంది కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, అసలు పాపం అక్కడే మొదలైందేమో అనిపిస్తుంది, ఎందుకంటే ఆ తరువాత మిల్లులో జరిగింది ఒక్క మాటలో అయిపోయింది కానీ ఇది మాత్రం రోజూ చేనులో నడుస్తూ, ఆ కాయలను కళ్లారా చూస్తూ చేశాను.

గద్వాల మిల్లులో ఇద్దరి పత్తీ ఒకే రోజు ఆడించి దూది వేరు చేశాం. గింజ ఆరబోశాం. ఆమె కుప్ప, నా కుప్ప పక్కపక్కనే. నాది కొంచెం పెద్దది. మధ్యాహ్నం ఖాజాబీ తన భర్త మందుల కోసం దవాఖానకు పోతూ, జర చూస్తుండు అక్కా అని చెప్పి పోయింది. ఆమె అటు పోగానే ఆర్గనైజర్ మనిషి సంచులు పట్టుకొని వచ్చాడు. ఏది ఎవరిదని అడిగాడు.

నేను ఆమె కుప్ప చూపించి, ఇది నాది అన్నాను.

ముందుగా అనుకున్నదా? కాదని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ నా చెయ్యి తడబడలేదు. నోరు ఎండిపోలేదు. అతను సంచులు నింపి, కుట్టి, పేర్ల చీటీలు కట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఖాజాబీ తిరిగొచ్చి తన సంచుల తూకం తాను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందని మురిసిపోయింది. ఆ సంతోషంలో నాకు చాయ్ కూడా తాగించింది. తాగాను.

నెలలు గడిచాక ఫలితం వచ్చింది. నాది పాస్. ఖాజాబీది ఫెయిల్.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. అరుగు మీద కూర్చొని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"అక్కా, నా చెయ్యే మంచిగ పడలేదేమో. సక్కగనే గీరిన అనుకున్న. ఏడనో మిగిలింది కావొచ్చు."

"గట్లెందుకంటవ్? మనకేం తెలుస్తది. నసీబు గిట్ల ఉంది."

"నసీబు కాదక్కా. పని నాదే కదా. ఇంకెవర్నంట?"

నన్ను అను అని అప్పుడే అనవలసింది.

ఆమె బర్రెను అమ్మింది. చెవులవి అమ్మింది. కౌలు వదిలేసింది. మేము మాత్రం పాసైన గింజ డబ్బుతో ఒక్కొక్కరికీ కట్టేసి బయటపడ్డాం. మళ్లీ పడలేదు. నిజంగానే గట్టిగా నిలబడ్డాను. దుకాణంలో ఉద్దెర బంద్. ఆర్గనైజర్ దగ్గర పెట్టుబడి బంద్. చేతిలో ఉన్నంతే చేను. పండక్కి కొత్త చీర లేకపోతే లేదు. ఇదంతా నేను చేసిందే, ఇందులో అబద్ధం లేదు. కానీ మొదటి మెట్టు ఎవరి వీపు మీద ఎక్కానో నాకు తెలుసు.

ఇప్పుడు సంఘం మీటింగుల్లో నన్ను లేపి మాట్లాడమంటారు. అప్పు లేని ఇల్లు ఎట్లా ఉండాలో చెప్పమంటారు. వీపనగండ్ల దాకా తీసుకుపోయి చెప్పించారు. చెప్పాను, చప్పట్లు కొట్టారు. బీచుపల్లి పోయి ఆంజనేయుడికి చెప్పుకున్నాను కూడా. దేవుడికి చెప్పడం సులువు. ఆయన మిల్లుకు వచ్చి సంచులు విప్పడు.

ఖాజాబీకి ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నాను. జొన్నలు, పప్పు, కూలి మీద కొంచెం ఎక్కువ. నా మనసు మంచిదని ఊళ్లో చెబుతుంది. అది మిత్తి కూడా కాదు. అసలు కట్టాలంటే ఆమె పోగొట్టుకున్నదంతా లెక్కగట్టి ఇవ్వాలి, అలా ఇస్తే మేము మళ్లీ అప్పులో పడతాం. ఇన్నేళ్లుగా నన్ను ఆపింది అదే. పరువు తరువాత. భయం ముందు. మళ్లీ మా గుమ్మం ముందు నిలబడే అప్పులవాళ్ల భయం.

కానీ డబ్బు సంగతి కూడా కాదు ఇవాళ రాసేది. ఈ సీజన్‌కు కూలీలు దొరక్క, క్రాసింగ్‌కు రమ్మని ఖాజాబీనే అడిగాను. కలుపుకు వస్తానంది, పత్తి ఏరడానికి వస్తానంది. క్రాసింగ్‌కు మాత్రం తల అడ్డంగా ఊపింది. చేతులు కొంగు కింద దాచుకుంది. నా చెయ్యి మంచిది కాదక్కా, నీ పంట ఖరాబైతది అంది. ఫెయిలైన ఏడు నుంచీ ఆమె ఎవరి చేనులోనూ మొగ్గ ముట్టలేదట. నేను గమనించనే లేదు. ఇన్నేళ్లు ఆమెకు కూలి ఇస్తూ కూడా.

ఆమె ముందు ఈ మాట అనే ధైర్యం రేపు వస్తుందో రాదో తెలియదు. రాకపోవచ్చు. నన్ను నేను ఎరుగుదును. ఇక్కడైనా రాసి పెడుతున్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఖాజాబీ చేతిలో ఏ తప్పూ లేదు. ఆ ఏడు ఫెయిలైన గింజ నాది.