తంబాకు తినే కార్డు

గాలయ్య తన నీడను కూడా వెనక నడవనిచ్చేవాడు కాదు. నమ్మకపోతే దేవరకొండ అవతల ఆ ఊళ్ళలో ఎవరినైనా అడగండి. పొద్దున పడమటికి నడిస్తే నీడ ముందుంటుంది, సాయంత్రం తూర్పుకు తిరిగొస్తే అప్పుడూ ముందే ఉంటుంది. అందుకోసమే ఊరికి పడమటి దిక్కున చేను వెతికి కొన్నాడని చెప్పుకుంటారు. అది గుండ్రాళ్ళు నిండిన చల్క, నీళ్ళు నిలవని ఎర్రనేల. అయినా కొన్నాడు. నేల సారం కంటే నీడ కంటి ముందుండటం ఆయనకు ముఖ్యం.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు పాయసం పెడితే ముందు పిల్లికి పోశాడట. పిల్లి మూతి నాకుకుంటూ నిక్షేపంలా ఉంది. అయితే అది అత్తగారి పిల్లి, దాని సాక్ష్యం చెల్లదని పొరుగింటి పిల్లిని తెప్పించాడట. ఈలోగా పాయసం అయిపోయింది. దేవరకొండ గుట్ట మీది కోటకు ఎన్ని గోడలున్నాయో కట్టినవాళ్ళకే తెలియాలి గానీ, గాలయ్య మనసుకు అంతకంటే ఒకటి ఎక్కువే. అంగట్లో తక్కెడ కింద అయస్కాంతం అంటిస్తారని ఆయనకు గట్టి నమ్మకం. అందుకని ఇంట్లోకి కూరగాయలు కొననిచ్చేవాడే కాదు. భార్య భద్రమ్మ సంచి పట్టుకుని బయలుదేరితే, ఆ సంచి గుంజుకుని దూలానికి వేలాడదీసేవాడు. అయినా పూటపూటకూ కంచంలోకి పులుసు వస్తూనే ఉండేది. అదెలా వస్తోందని మాత్రం, అన్నిటినీ అనుమానించే ఆ మనిషికి ఒక్కసారీ అనుమానం రాలేదు.

ఆ చల్కలోనే బోరు వేయించి బత్తాయి తోట పెంచాడు. తెలంగాణ వచ్చి, రోజంతా కరెంటు ఇవ్వడం మొదలయ్యాక మోటారు కోసం రాత్రిళ్ళు చేనుకు పరుగెత్తే బాధ తప్పింది. అయినా అక్కడి రైతులకు ఒక అలవాటు పోలేదు. పొద్దుగూకే వేళ స్టార్టర్ డబ్బా తెరిచి, ఫ్యూజులు పీకి ఇంటికి తెచ్చుకుంటారు. ఫ్యూజు లేని మోటారు చక్రం లేని బండి లాంటిది, ఎవడూ దొంగచాటుగా నీళ్ళు పెట్టుకోలేడు. అందరూ వాటిని ఇంట్లో మేకుకు తగిలిస్తే, గాలయ్య బొడ్లో చెక్కుకుని పైన చెయ్యి వేసుకుని పడుకునేవాడు.

ఆ ఏడు ఎండాకాలపు కత్తెర కాపు కోతకొచ్చే వేళకు తోటలో కాయలు తగ్గుతున్నాయని ఆయనకు అనిపించింది. రోజూ తడిమి చూసుకునే కొమ్మలు తేలికపడుతున్నాయి. కోతులైతే తొక్కలు పడేస్తాయి, పక్షులైతే పొడిచి వదిలేస్తాయి. ఇక్కడ తొడిమ దగ్గర శుభ్రంగా తుంచిన గుర్తులున్నాయి. మనిషి చెయ్యి.

ఎవరి చెయ్యో తేల్చడానికి గాలయ్యకు ఎక్కువసేపు పట్టలేదు. పక్క చేను దివాకర్‌ది. బోరు ఎండిపోయి, గాలయ్య బోరు నుంచే ఒక పైపు తీసుకుని టమాట, వంకాయ వేసుకున్నాడు. పెళ్ళాం మనీషతో కలిసి తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా అందులోనే ఉంటాడు. ఎదురుపడితే "కాకా" అని ఆప్యాయంగా పిలుస్తాడు. అంత ఆప్యాయంగా పిలవడమే గాలయ్యకు మొదటి రుజువు. రెండోది దొరికితే పైపు వాల్వు మూసేయడమే అని రోడ్డు మీది చాయ్ హోటల్లో నలుగురి ముందూ చెప్పేశాడు. ఉగాది దాకా చూస్తానన్నాడు. ఆ ఎండలకు వాల్వు మూస్తే దివాకర్ టమాట చెట్లు నిలువునా మాడిపోతాయి. ఆ మాట దివాకర్ చెవిన పడింది. ఏమీ అనలేదు. అదీ అనుమానమే.

రెండో రుజువు కోసం గాలయ్య తన తమ్ముడి బిడ్డ నిరోషను పిలిచాడు. ఆ పిల్ల దేవరకొండలో సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతుంది. ఆమె ఒక చిన్న బోర్డు తెచ్చింది. అరచేతిలో పట్టేంత, పైన నల్ల గింజలు చల్లినట్టు చిప్పులు. ఇదే కంప్యూటర్ అంటే, మిగతా సగం ఎక్కడ దాచావని గాలయ్య అడిగాడు.

మోటారు షెడ్డులో బల్బు లైనుకు దాన్ని కలిపి, ఇంట్లో మూలపడ్డ పాత టీవీని తెరగా పెట్టి, గోరంత మెమరీ కార్డు ఒకటి బోర్డు కడుపులోకి తోసింది. తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పరుగెత్తాయి. అది లినక్స్ అని, దానికి పైసా కట్టనక్కర్లేదని చెప్పింది. అక్కడే తప్పు చేసింది. ఊరికే వచ్చిందనగానే గాలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పైసలు లేకుంట ఇచ్చేటోడు ఎవడు బిడ్డా? ఎవడో లోపల దొడ్డిదారి పెట్టుకునే ఉంటడు."

"వేలమంది కూడి రాసిండ్రు పెద్దబాపు. ఒకడు రాసింది ఇంకొకడు ఇప్పి జూస్తడు. ఒకల మీద ఒకలకు నమ్మకం లేదు, నీ లెక్కనే."

ఆ మాట ఆయనకు నచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం తన కులంలో పుట్టినట్టు కనిపించింది. కానీ నిరోష పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరమూ పడకపోవడం చూసి మళ్ళీ బిగుసుకున్నాడు. ఉత్తుత్తిగా వేళ్ళు ఆడిస్తున్నావన్నాడు. ఎవరూ చూడకుండా లినక్స్ దాన్ని దాస్తుందని ఆమె చెబితే, పెద్దబాపుకు కూడానా అని నొచ్చుకున్నాడు.

చివరికి కెమెరా తోట వైపు తిరిగింది. ఏదైనా కదిలితే ఫొటో తీస్తుంది. నిరోష రెండు మాటలు గట్టిగా చెప్పింది. ఒకటి, స్విచ్చు ఆపొద్దు, ఆపాలంటే ముందు కంప్యూటర్‌ను నిద్రపుచ్చే పద్ధతి ఒకటుంది. రెండోది, సర్వం ఈ కార్డులోనే ఉంటుంది, ఇది లేకపోతే పెట్టె ఉత్త డబ్బా. గాలయ్య రెండూ మనసులో రాసుకున్నాడు. స్విచ్చు జోలికి పోనని తోటలోని మొదటి చెట్టు మీద ఒట్టేశాడు. ఆ సాయంత్రం దాచుకోవాల్సినవి దాచుకుని, నీడను ముందు నడిపించుకుంటూ, దారిలో హోటల్ దగ్గర ఆగి, ఇల్లు చేరాడు.

తెల్లవారి దుకాణానికి పోతూ నిరోష షెడ్డులో దిగేసరికి బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతోంది, పక్కన మినుకుమనాల్సిన పచ్చదీపం చచ్చిపోయింది. తెర మీద అక్షరాలు సగంలో ఆగి ఉన్నాయి. దొంగ ఫొటో సంగతి అలా ఉంచి, కుక్క ఫొటో కూడా లేదు.

ఆమె ముందు ఛార్జర్‌ను పట్టుకుంది. తెర మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకసారి కనబడిందని, అంటే బోర్డుకు కరెంటు చాలడం లేదని చెప్పింది. అది గాలయ్య ఇంటి ఫోన్ ఛార్జరే, దారంలాంటి తీగ. లావు తీగ ఉన్న ఛార్జర్ తెచ్చి, కార్డును దుకాణానికి తీసుకుపోయి లినక్స్ మళ్ళీ కొత్తగా ఎక్కించి పెట్టింది. మెరుపు గుర్తు పోయింది. రోజంతా కొంగలూ గొర్రెలూ గాలయ్యా ఫొటోల్లో పడ్డారు. తెల్లవారితే మళ్ళీ చచ్చింది.

వేడి అనుకుంది. రేకుల షెడ్డు కదా, మధ్యాహ్నం లోపల రొట్టె కాల్చుకోవచ్చు. బోర్డును నీడపట్టున వేలాడదీసింది. ఈ గోల కంచె అవతల నుంచి విన్న దివాకర్ తన ఇంట్లోని చిన్న ఫ్యాను తెచ్చిచ్చాడు. దొంగ తనను పట్టుకునే యంత్రానికి ఎందుకు విసురుతాడని గాలయ్య ఆ రోజంతా ఆలోచించి, ఫ్యాను గాలితోనే ఏదో చేస్తున్నాడని తేల్చుకున్నాడు. తెల్లవారితే బోర్డు చల్లగా ఉంది. చచ్చే ఉంది.

ఇక గాలయ్య అనుమానం కట్టలు తెంచుకుంది. దివాకర్ కరెంటు తీగ మీద మంత్రించిన నిమ్మకాయ రుద్దుతున్నాడని ఒక పూట, లినక్స్ రాసిన వేలమందిలో ఒకడు దివాకర్ బామ్మర్ది అయి ఉంటాడని ఇంకో పూట హోటల్లో వినిపించాడు. ఉగాది దగ్గరపడేసరికి అనుమానం నిరోష మీదికే మళ్ళింది. ఆ పిల్ల మనీషతో కంచె దగ్గర నవ్వుతూ మాట్లాడటం ఆయన కంట పడింది. రోజంతా పనిచేసి రాత్రి మాత్రం చచ్చే యంత్రాన్ని ఎవరు తయారుచేయగలరు? తయారుచేసినవాళ్ళే. రుజువు లేకపోయినా సరే, ఉగాది నాడు వాల్వు మూసేస్తానని ఆమె మొహం మీదే అన్నాడు. నిరోష మొహం చిన్నబోయింది. తన పనితనం పోతే పోయింది, తను పెట్టిన పెట్టె మొరాయించినందుకు పక్కవాళ్ళ పంట ఎండిపోతుందంటే ఆమెకు ముద్ద దిగలేదు.

మిగిలింది కార్డు. నకిలీ కార్డులు బజారు నిండా ఉన్నాయని, తెలిసినచోట అసలుది కొని, ప్యాకెట్ అక్కడే చించి, లినక్స్ ఎక్కించి పెట్టింది. ఉగాదికి ముందటి రోజు పొద్దున వచ్చి చూస్తే అదే ఎర్రదీపం. ఆమె కార్డును బయటికి లాగి వెలుతురులోకి పట్టుకుంది. నిన్న పుట్టిన కార్డు. దాని బంగారు గీతల మీద తెల్లటి పొర కట్టి ఉంది. గోటితో గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా వెనక్కి తిరిగి గాలయ్యను చూసింది. ఆయన గట్టు మీద కూర్చుని, ఒక పక్క తంబాకు, ఒక పక్క సున్నం ఉండే రేకు డబ్బీ తెరిచి, అరచేతిలో నలుపుకుంటున్నాడు.

"పెద్దబాపు, గీ కార్డుకు తంబాకు అలవాటున్నది."

"ఏమంటున్నవే?"

"వాసన జూడు. సున్నం గూడ ఏసుకుంటాంది. దుకాణంల శాన కార్డులు జూసిన గని, తంబాకు తినే కార్డును గిప్పుడే జూస్తున్న."

గాలయ్య ఏమాత్రం తడబడలేదు. పైగా మెచ్చుకోలు అనుకున్నాడు.

"నా డబ్బీల పెట్టుకుంట గద, వాసన రాదా మరి. పొద్దుగూకంగ పీకుత, తెల్లారంగ పెడ్త. అన్నీ గిండ్లనే ఉంటయని నువ్వే అంటివి. దొంగ ఎత్కపోతే ఎట్ల?"

నిరోష యూరియా సంచి మీద కూలబడింది. మోటారుకు ఫ్యూజు ఎలాగో పెట్టెకు కార్డు అలాగని పెద్దబాపు రోజూ రెండూ పీకి బొడ్లో చెక్కుకుపోతున్నాడు. స్విచ్చు మాత్రం ఒట్టు ప్రకారం ముట్టుకోలేదు.

"మరి రాత్రి దొంగను ఎవలు జూడాలె పెద్దబాపు?"

"కెమెరా ఉన్నది గద."

అప్పుడామె విడమరచి చెప్పింది. లినక్స్ ప్రతి క్షణం కార్డులోంచి చదువుకుంటూ, కార్డులో రాసుకుంటూ ఉంటుంది. నడుస్తుండగా దాన్ని పీకడమంటే అన్నం వడ్డిస్తుండగా విస్తరి గుంజేయడమే. చేతిలో ఉన్నది నేలపాలవుతుంది, తెల్లవారి విస్తరి తెచ్చి వేసినా పోయిన మెతుకులు తిరిగిరావు. గాలయ్య డబ్బీ మూత బిగించాడు. ఊరందరి మీదా వేసిన అనుమానం తిరిగి తన బొడ్లోకి వచ్చి కూర్చోవడం ఆయనకు కొత్త. చివరికి, కార్డును ఒక్క రాత్రి వదిలిపెడతాను, పోతే బాధ్యత నీదే అన్నాడు.

నిరోష రబ్బరుతో ఆ గీతలు తుడిచి, మధ్యాహ్నం కల్లా లినక్స్ మళ్ళీ ఎక్కించింది. ఆ సాయంత్రం ఫ్యూజులు పీకాక గాలయ్య చెయ్యి అలవాటుగా బోర్డు దాకా పోయి, గాలిలో ఆగి, బరువుగా వెనక్కి వచ్చింది. హోటల్లో చాయ్ తాగినంతసేపూ కార్డు లేని డబ్బీని తడుముకుంటూనే ఉన్నాడు.

ఉగాది పొద్దున షెడ్డులో పచ్చదీపం మినుకుమంటోంది. గాలయ్య, నిరోష, వెనక పచ్చడి గిన్నెతో వచ్చిన భద్రమ్మ టీవీ ముందు నిలబడ్డారు. మొదటి ఫొటోలో ఇంటిదారి పడుతున్న గాలయ్య వీపు. ఆయన అలా దాటగానే, పూర్తిగా చీకటి పడకముందే, చెట్ల మధ్య గంప పట్టుకుని ఒక మనిషి. తొడిమ దగ్గర శుభ్రంగా తుంచుతున్న చెయ్యి. తర్వాతి ఫొటోలో ఆ మనిషి కంచె దగ్గరుంది, అవతలి నుంచి మనీష కొంగు పట్టింది. ఆ తర్వాతి ఫొటోలో గంపలో బత్తాయిలు లేవు, టమాటలున్నాయి. ఆ మనిషి మొహం తెర నిండా పడింది.

గాలయ్య తెరను చూశాడు. పక్కనున్న భద్రమ్మను చూశాడు. రెండూ ఒకటేనని ఒప్పుకోవడానికి ఆయనకు రెండో పిల్లి సాక్ష్యం కావాల్సి వచ్చింది. "ఏమే?" అన్నాడు.

"అంగట్ల కొననియ్యకపోతివి," అంది భద్రమ్మ, పచ్చడి గిన్నె ఆయన చేతిలో పెడుతూ. "పులుసు లేకుంటే నీకు ముద్ద దిగకపాయె. ఇన్నేండ్ల సంది తింటున్నవ్, టమాటలు దూలానికి కాసినయనుకున్నవా?"

గాలయ్య పచ్చడి నోట్లో వేసుకున్నాడు. ఆ ఏడు ఆయనకు చేదే ఎక్కువ తగిలింది. చింతపండు పులుపు మాత్రం అంగడిది కాదని నాలుకకు తెలిసిపోయింది. అదెక్కడిదని అడగబోయి మానుకున్నాడు.

గట్టు చివర వాల్వు దగ్గర దివాకర్ నిలబడి ఉన్నాడు. ఇవాళ మూసేస్తారని తెలిసి, పండుగ బట్టలు కూడా కట్టకుండా వచ్చాడు. గాలయ్య నేరుగా వెళ్ళి వాల్వు మీద చెయ్యి వేశాడు. దివాకర్ కళ్ళు దించుకున్నాడు. గాలయ్య చక్రాన్ని తిప్పాడు, మూసే వైపు కాదు. పైపులో నీళ్ళు ఒక్కసారి దగ్గి, బలంగా పారాయి.

దివాకర్‌కు అర్థంకాలేదు. "కాకా?" అన్నాడు.

"నీళ్ళు గట్టిగ పెట్టు," అన్నాడు గాలయ్య, మొహం పక్కకు తిప్పుకుని. "టమాటలు ఈపారి జర చిన్నగొస్తున్నయ్."