మూడు కాలనీల ఉమ్మడి కమాను

జూలై, మూడో ఆదివారం, ఇబ్రహీంపట్నం. హాజరైనవారు: పెద్ద కాలనీ అధ్యక్షుడు, ఆయన వెంట వచ్చిన ఇద్దరు; ఆదిభట్లలో విమాన భాగాల కంపెనీలో సూపర్‌వైజరుగా చేసే మధ్య కాలనీ కార్యదర్శి; మా చిన్న కాలనీ నుంచి కిరాణా కొట్టు నడిపే అధ్యక్షురాలు, ప్లాట్లు అమ్మిపెట్టే ఆమె మరిది, నేను.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలైంది. వీళ్లంతా ఒకే రేకుల షెడ్డు కింద కూర్చోవడమే నాకు ఆశ్చర్యం. మా కాలనీలను విడదీసేది వీధి వెడల్పే అయినా, ఒకరి వినాయకుడికి ఇంకొకరు దండం పెట్టరు. పెద్ద కాలనీ వాళ్లు కమాను కట్టిస్తే, మధ్య కాలనీ వాళ్లు దానికంటే మూరెడు ఎత్తుగా లేపారు. వెంటనే పెద్ద కాలనీ తన కమాను మీదికి రెండు సిమెంటు ఏనుగులను ఎక్కించింది. కమాను లేనిది మాకే. మాకున్నది మూడు కాలనీల దారులు కలిసేచోట ఒక ఖాళీ జాగా. మా ఆడవాళ్లు ఏటా అక్కడే బతుకమ్మ ఆడతారు. పక్క కాలనీల వాళ్లు కూడా సిగ్గుపడుతూనే వచ్చి ఆడి వెళ్తారు. దాన్ని ఊడ్చేది, ఎవరూ కబ్జా చేయకుండా చూసుకునేది కిరాణా కొట్టు ఆమే.

ఆ రోజు అందరినీ కూర్చోబెట్టింది ఒక గోడ. కొత్త వెంచర్ వాళ్లు మేము సాగర్ రోడ్డుకు వెళ్లే దారికి అడ్డంగా దాన్ని లేపుతున్నారు. మూడు కాలనీలూ కలిసి కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తే తప్ప ఆగేలా లేదు.

పెద్ద కాలనీ అధ్యక్షుడు ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. "సార్, గా గ్రీకుల ముచ్చట చెప్పుండ్రి, బడిల చెప్తుంటిరి గదా" అని నన్ను లేపాడు.

చెప్పాను. అక్కడ ఒక్కో పట్టణం ఒక్కో రాజ్యం. వైభవం చూపించుకునే ఏథెన్స్, ఆడంబరమంటే పడని స్పార్టా, ఇంకా ఎన్నో. అందరిదీ ఒకే భాష, అవే దేవుళ్లు, అయినా ఒకరంటే ఒకరికి పడదు. పర్షియా చక్రవర్తి పెద్ద సైన్యంతో మీదికి వస్తే మాత్రం చాలామంది పగలు పక్కనపెట్టి కలిశారు. ఓడించి పంపారు.

చప్పట్లు మోగాయి.

"గంతే! గోడోడు పర్షియా, మేం ఏథెన్స్" అన్నాడు అధ్యక్షుడు.

"మీరే ఎందుకన్నా ఏథెన్స్? మమ్మల్ని స్పార్టాల పడేస్తవా?" అన్నాడు కార్యదర్శి.

"మీ కమాను జూస్తే గదే యాదికొస్తది. ఏనుగుల్లేవ్, ఏం లేవ్."

అందరూ నవ్వారు. కిరాణా కొట్టు ఆమె నవ్వలేదు. "పర్షియావోళ్లు పోయినంక ఏమైంది సారూ?" అని అడిగింది.

అదీ చెప్పాను. శత్రువు మళ్లీ రాకుండా చాలా పట్టణాలు ఏథెన్స్‌తో కూటమి కట్టాయి. అందరూ సమానమే అనుకున్నారు. తర్వాత థాసోస్ అనే దీవి తన గనుల విషయంలో ఏథెన్స్‌తో తగాదాపడి, కూటమి నుంచి విడిపోయింది. ఏథెన్స్ ఓడలు వెళ్లి చుట్టుముట్టాయి. లొంగాక దాని కోటగోడలు కూల్పించారు.

"మరి ఆఖరికి గ్రీకులంత ఒక్కటైన్రా?" అని ఆమె మళ్లీ అడిగింది.

"అయ్యారు, స్పార్టా తప్ప. ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజు యుద్ధంలో ఓడించి, కలిసి ఉంటామని అందరిచేతా ఒట్టు వేయించాడు."

అధ్యక్షుడు నవ్వేసి, "మనమేమన్న గ్రీకులమా అక్కా? అందరం గీడిగీడోళ్లమే" అన్నాడు.

"నేను కలుస్త. అర్జీల ముందు సంతకం నాదే. గనీ మా జాగ మాదే, గది యాదిపెట్టుకోండ్రి."

"నీ జాగ ఎవ్వడడిగిండక్కా? జర చాయ్ తాగు."

మరిది ఆమె పక్కకు జరిగి, "ఊకె ఫికర్ వెట్టుకోకు వదినా, నేను లేనా?" అన్నాడు.

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఉమ్మడి సంఘం ఏర్పడింది. మర్నాడే కొంగరకలాన్‌లోని కలెక్టరాఫీసుకు వెళ్లి అర్జీ ఇవ్వాలని అనుకున్నారు. ఇన్నేళ్ల పగలు ఒక్క పూటలో ఎలా పోయాయో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున అర్జీకి అని తెల్లచొక్కా వేసుకుని బయలుదేరాను. ఖాళీ జాగాలో మేకులు పాతి, దారాలు కట్టి, పునాదులకు ముగ్గు పోస్తున్నారు. కార్యదర్శి కంపెనీ బస్సు వదులుకుని మరీ టేపు పట్టుకున్నాడు. దారం లాగుతున్నది కిరాణా కొట్టు ఆమె మరిది. చీపురుతో వచ్చిన ఆమె గట్టు మీదే ఆగిపోయింది.

"ఏందిది?"

"ఉమ్మడి సంఘానికి ఆఫీసు, ముంగట మస్తు కమాను" అన్నాడు అధ్యక్షుడు. "ఈ జాగైతే ముగ్గురికీ నడుమల ఉంటదని మీ మరిదే జూపిండక్కా."

"కమాను మీద మన కాలనీ పేరే ముందు రాస్తరట వదినా" అన్నాడు మరిది.

"అర్జీ సంగతేంది?" అని నేనడిగాను.

"ముందు కమాను కానియ్యుండ్రి సార్. గప్పుడు మన మాటకు బరువుంటది."

ఆమె వాళ్లెవరినీ చూడలేదు. మరిదినే చూసింది. తర్వాత చీపురు పక్కన పెట్టి, నడిచి వెళ్లి ముగ్గు గీతల మధ్య కూర్చుంది. "తవ్వు" అంది.

అతను ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. దారాన్ని ఆమె తల మీదుగా దాటించి అవతలి మేకుకు కట్టి, ఆమె చుట్టూ తిరిగి ముగ్గు పోసుకుంటూ వెళ్లాడు.