మొదటి మూడు సెకన్ల గవర్రాజు

కంచరపాలెంలో మైకు గవర్రాజు గొంతు వినబడితే చాలు, ఆడవాళ్ళు పొయ్యి మీద కూర మాడినా సరే గుమ్మంలోకి వచ్చేసేవారు. వచ్చి, చెంపకి చెయ్యి ఆనించుకుని, "ఎవులు పోనారు బాబూ?" అని అడిగేవారు.

పాపం, చాలాసార్లు ఎవరూ పోయుండరు. చీరల ఎగ్జిబిషనో, కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరో, సింహాచలం గిరిప్రదక్షిణ నాడు మజ్జిగ పంపిణీయో అయ్యుంటుంది. ఆటో మీద గొట్టం మైకు కట్టుకుని గవర్రాజు అన్నీ చెప్పేవాడు. కానీ పేటలో ఎవరు కన్నుమూసినా ఆ కబురుని వీధివీధికీ మోసింది కూడా ఆ గొంతే. దాంతో ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బొంగురు గొంతుకి చావు వాసన పట్టేసింది. పళ్ళ డాక్టరు పేరు చెప్పినా జనం ముందు "అయ్యో" అనే అనేవారు.

తర్వాత కాలం మారింది. ఎక్కడో ఎవరో రికార్డు చేసిన గొంతుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఆటోవాళ్ళు తిప్పడం మొదలెట్టారు. గవర్రాజు మైకు ఇంటికి చేరింది. ఆయన భార్య జోగమ్మ ఆ గొట్టాన్ని పెరట్లో బోర్లించి కోడిపిల్లల్ని మూసింది. రోజూ పొద్దున్నే తన మైకులోంచి కోడిపిల్లల కూతలు వింటూ పళ్ళు తోముకోవడం ఎలా ఉంటుందో గవర్రాజుని అడిగితేనే తెలుస్తుంది. ఆయనకి ఇంక ఒక్కటే కోరిక మిగిలింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన గొంతుని మళ్ళీ ఊరు వినాలి.

అలాంటి రోజుల్లో చెల్లెలి కూతురు ధనశ్రీ రైలు పట్టాల పక్క సందులో బ్యూటీ పార్లర్ తెరిచింది. కుర్చీలు కొత్తవి, అద్దాలు పెద్దవి, లోపల ఏసీ కూడా ఉంది. వచ్చేవాళ్ళే లేరు. దాంతో ఆ పిల్ల ఫోను ముందు నిలబడి రీళ్ళు తియ్యడం మొదలుపెట్టింది. "హాయ్ ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు? ఈరోజు మనం ఒక మంచి ఫేస్‌ప్యాక్ గురించి..."

మెట్ల మీద కూర్చున్న గవర్రాజు నవ్వాడు. లోపలికి మగవాళ్ళు రాకూడదని బోర్డుంది కాబట్టి ఆయన స్థానం మెట్లే.

"ఏటి మావయ్యా నవ్వుతన్నావ్?"

"నువ్వు 'ఎలా ఉన్నారు' అనీసరికి నా ఆటో పక్క వీధిలోకి ఎల్లిపోద్దే! వంటింట్లో ఉన్న మనిసి గుమ్మంలోకి రావాలంటే, మొదటి మాటే ఆవిడి చేతిలో గరిట ఆపాల."

"ఫోన్లో మూడు సెకన్లే మావయ్యా. ఆ మూడింట్లో ఆపకపోతే బొటనవేలితో పైకి తోసేస్తారు."

"మూడా! మనకి ఒకటి చాలు."

అలా మొదలైంది. మిగిలిపోయిన పాత కరపత్రాల వెనక గవర్రాజు మొదటి వాక్యాలు రాసేవాడు, ధనశ్రీ చదివేది. "ఆ శనగపిండి డబ్బా అక్కడే కింద పెట్టండి!" అన్నది ఆయనదే. "మీ ఆయన మీ మొహంకేసి సూసి ఎన్నాళ్ళయింది?" అన్నదీ ఆయనదే. లోపల ఏం జరుగుతుందో ఆయనకి అణుమాత్రం తెలియదు. "ఫేషియల్ అంటే ఏటే, గోడకి సున్నం ఏసినట్టా?" అని అడిగేవాడు. కనుబొమ్మలు దారంతో లాగుతారని విన్నరోజు "ఓలమ్మ!" అని తన కనుబొమ్మల్ని రెండు చేతులతో మూసుకున్నాడు. ఆ కంగారే మర్నాడు వీడియోకి మొదటి మాటయింది: "ఓలమ్మ! దారంతో లాగీసినారా?"

నెమ్మదిగా పార్లర్ మెట్ల మీద చెప్పులు కనబడసాగాయి. గవర్రాజు పక్కకి జరిగి కూర్చోవలసి వచ్చేది.

అదను చూసి ఒకరోజు మనసులో మాట బయటపెట్టాడు. "అమ్మడూ, ఒక్క రీలుకి నాను మాటాడతానే. మొదటి ముక్క ఒక్కటే."

ధనశ్రీ దువ్వెన ఆపి, జాలిగా చూసింది. "మావయ్యా, కోప్పడకు. నీ గొంతు ఇంటే ఎవులు పోనారో అనుకుంటారు జనం. పెళ్ళికూతురు మేకప్‌కి అది పనికొస్తాదేటి?"

గవర్రాజు మెట్లు దిగి ఇంటికెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కోడిపిల్లలకి నూకలు వేస్తూ గొట్టంకేసి చాలాసేపు చూశాడు.

ఆ ఉక్రోషంలోనేనేమో, మర్నాడు తన పాత అస్త్రం తీశాడు. మైకు పనిలో ఆయనకో పద్ధతుండేది. అమ్మలారా అయ్యలారా అని అందర్నీ పిలిస్తే ఎవరూ రారు. ఒక్కరిని పేరుపెట్టి పిలిస్తే, ఆ మనిషికి ఏమైందోనని వీధంతా వస్తుంది. అందుకని ఇలా రాశాడు: "కంచరపాలెం చిట్టమ్మ మొహం మీద మంగు ఏమైపోయింది?"

"ఎవరు మావయ్యా ఈ చిట్టమ్మ?"

"ఎవులూ కాదు. వీధికో చిట్టమ్మ ఉంటాది. ఎవులికి వాళ్ళు పక్క వీధి చిట్టమ్మ అనుకుంటారు."

లెక్క బాగానే ఉంది. చిట్టమ్మలు వీధికొకరున్న మాటా నిజమే. కానీ రెండు చెంపల మీదా మంగు ఉన్న చిట్టమ్మ పేట మొత్తానికి ఒక్కతే. రైల్వే గేటు దగ్గర ఎండు చేపలమ్మే చిట్టమ్మ. ఆవిడ గొంతుకి గూడ్సు బండి కూడా జంకుతుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

వీడియో పెట్టిన పొద్దున్నుంచీ బజారంతా చిట్టమ్మ గంప ముందు ఆగింది. "ఏటే చిట్టమ్మా, మచ్చలు పోనాయంట గదా? ఉన్నాయే!" అని చెంపలు పట్టి మరీ చూశారు. ఎవరో పిల్లది ఫోను దీపం వేసి చూసింది.

మధ్యాహ్నానికి చిట్టమ్మ గంపతో సహా పార్లర్ మెట్లెక్కింది. సందంతా ఎండు నెత్తళ్ళ వాసన.

"ఎవడ్రా అది రాసినోడు?"

"నానేనమ్మా," అన్నాడు గవర్రాజు లేచి నిలబడి.

"నువ్వా! మా మావ పోనప్పుడు ఊరంతా సెప్పినావు, పుణ్యాత్ముడివనుకున్నాను. నాను బతికుండగానే నా మొహాన్ని ఊరంతా తిప్పుతావా? ఇది సముద్రం గాలికీ ఎండకీ తిరిగిన మొహం. నీలా నీడలో కూకుని కాయితాలు నలిపిన మొహం కాదు!"

కేకలకి ధనశ్రీ బయటికొచ్చింది. ఆ పిల్ల వెనకే, ఒక కనుబొమ్మ అయి రెండోది కాని పెళ్ళికూతురు కూడా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"తప్పయిపోయింది పిన్నీ," అంది ధనశ్రీ. "ఇప్పుడే తీసేస్తాను. సారీ చెప్తూ ఇంకోటి పెడతాను."

"నువ్వు సెప్తే ఎవులికి తెలుస్తాది? నీ గొంతు తేనెలో ముంచిన అరిసెలాగుంటాది. నువ్వు సారీ సెప్పినా సబ్బు అమ్ముతన్నావనుకుంటారు." చిట్టమ్మ వేలు గవర్రాజు మీదకి తిరిగింది. "ఈడే సెప్పాల. ఈడి గొంతుతో. నా పరువు ఏ ఫోన్లో పోయిందో ఆ ఫోన్లోనే రావాల. ఒక్క ముక్క కొయ్యకూడదు."

గవర్రాజు గుండెలో తప్పెటగుళ్ళు మోగాయి. కానీ మొహంలో ఆ సంగతి రానివ్వలేదు. తల వంచి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "నా గొంతా? వద్దమ్మా. పాడయిపోయింది. బొంగురు..." అని నసిగాడు.

"పాడయినా నువ్వే!"

"జనం భయపడతారమ్మా..."

"పడనీ!"

ధనశ్రీ మావయ్యకేసి చూసింది. ఆయన ఎడమ మీసం కొంచెం వణుకుతోంది. అది ఏడుపు వణుకు కాదని ఆ పిల్లకి తెలుసు. పెదవి కొరుక్కుని ఫోను స్టాండు బయటికి తెచ్చింది.

గవర్రాజు ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. గొట్టం లేదు కాబట్టి కుడిచెయ్యి నోటి దగ్గర గుండ్రంగా పట్టుకున్నాడు.

"కంచరపాలెం వాస్తవ్యులకు... చింతిస్తూ తెలియజేయునది ఏమనగా..."

సరిగ్గా అప్పుడే స్టీలు చుట్టలేసుకున్న గూడ్సు వచ్చింది. పట్టాల పక్కన మైకు పట్టినవాడికి ఒక అలవాటుంటుంది. బండి వస్తే ఎక్కడి మాట అక్కడే ఆపి, నోరు సగం తెరిచి, కళ్ళు దించుకుని నిలబడతాడు. గవర్రాజు అలాగే నిలబడ్డాడు. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. ఆయన మొహం చూస్తే ఇంటి పెద్దే పోయినట్టుంది. చివరి పెట్టె దాటాక గొంతు మళ్ళీ లేచింది.

"...మన పేట చిట్టమ్మగారి ముఖమున మంగు ఉన్నదని నేను రాసిన మాట ఈరోజు మధ్యాహ్నం కన్నుమూసినది. చిట్టమ్మగారి ముఖమున ఏ మచ్చా లేదు, ఉండబోదు. ఇట్లు, గవర్రాజు."

"బాగుంది," అంది చిట్టమ్మ. కళ్ళు తుడుచుకుంది కూడా. ఎందుకో ఆవిడకే తెలియలేదు.

గూడ్సు ముక్క కత్తిరిద్దామంటే ఒక్క ముక్క కొయ్యకూడదంది కదా. ధనశ్రీ ఉన్నదున్నట్టు పెట్టేసింది.

ఆ వీడియోని ఎవరూ పైకి తొయ్యలేకపోయారు. చింతిస్తూ అన్నాక ఎవరి పేరొస్తుందో వినకుండా ఏ వేలు కదులుతుంది? మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా చుట్టాలు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. పార్లర్ పక్కనే టీకొట్టు నడిపే దాలయ్యైతే పక్కవాడి ఫోన్లో "చిట్టమ్మగారి" దాకా విని, మిగతాది వినే ధైర్యం లేక కొట్టు మూసి, పూలదండ కొనుక్కుని చిట్టమ్మ ఇంటికి పరిగెత్తాడు. తలుపు తీసింది చిట్టమ్మే. ఆ దండతోనే అతని వీపు మీద నాలుగు తగిలించింది. టీకొట్టుకి తిరిగొచ్చి, "బావా, నీ గొంతు సల్లగుండ," అని మెట్ల మీదున్న గవర్రాజుకి దాలయ్య దండం పెట్టాడు.

వారం తిరక్కుండా పార్లర్‌లో కుర్చీలు చాలక, స్టూళ్ళు అరువు తేవలసి వచ్చింది. చిట్టమ్మ చెంపలు చూడ్డానికొచ్చినవాళ్ళు ఊరికే పోకుండా నెత్తళ్ళు కొనుక్కుని పోయారు. ఆవిడ కూడా ఒక మధ్యాహ్నం వచ్చి, గంప మెట్ల మీద దించి, గవర్రాజుకి కాపలా అప్పజెప్పింది.

"మచ్చలు పోగొట్టుకోడానికి కాదు," అంది గట్టిగా, సందంతా వినేలా. "మచ్చలే నేవని ఇంకోసారి సూపించడానికి ఎల్తన్నాను."

ఆ వేళే ధనశ్రీ ఫోను మావయ్య చేతిలో పెట్టింది. "మొదటి మూడు సెకన్లు నీవి. నాలుగోదాన్నుంచి నోరు ముయ్యాల. పిల్లికైనా బిచ్చమేస్తాను గానీ, రెండో వాక్యం నీకివ్వను."

గవర్రాజు ఇంటికెళ్ళి కోడిపిల్లల్ని బుట్ట కిందకి మార్చాడు. గొట్టం కడిగి, తువ్వాలుతో తుడిచి, భుజానేసుకుని వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు.

"చింతిస్తూ తెలియజేయునది ఏమనగా..."

ఎదురింటి ముసలమ్మ గంగాలమ్మ గరిటతో సహా గుమ్మంలోకొచ్చి, చెంపకి చెయ్యి ఆనించుకుంది. "ఎవులు పోనారు బాబూ?"

గవర్రాజు గొట్టం దించాడు.

"మొటిమలమ్మా."

గంగాలమ్మ చెంప మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత కొంచెం నిరాశగా లోపలికెళ్ళిపోయింది.