చివర చూపిన ఇనుప టోపీ

1943. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ హాల్లో మూడు వారాలు యుద్ధ ప్రదర్శన పెట్టారు. మ్యూజియంలో లాగే అద్దాల షోకేసుల్లో యుద్ధభూమి నుంచి తెచ్చిన వస్తువులు, గోడల నిండా శత్రువును వెక్కిరించే కార్టూన్లు. వచ్చిన తెలుగు కుటుంబాలకు అవి వివరించడానికి, బి.ఏ. చదివానని నన్ను గైడ్‌గా పెట్టుకున్నారు. మా పాపకు ఎనిమిదో నెల. అత్తగారికి అప్పగించి వెళ్లినా, పాలకు ఏడుస్తోందేమోనని ప్రాణం ఇంటి దగ్గరే ఉండేది.

ఈ పనిలో 'రూట్' ముఖ్యం. అంటే జనాన్ని నడిపించే వరస. ముందు షోకేసులు, చివర కార్టూన్లు. జనం నవ్వుతూ బయటికి పోవాలని మేనేజరు గారి ఆజ్ఞ. గుమ్మం పక్కనే, యుద్ధానికి వెళ్లే రైల్వే దళంలో చేరేవాళ్లు సంతకం పెట్టే బల్ల ఉండేది.

ఆడవాళ్ల రోజున, రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో ఫిట్టరు అప్పారావు భార్య నరసమ్మ వచ్చింది. ఒక కార్టూన్‌లో అగ్గిపుల్లల్లాంటి కాళ్ల శత్రుసైనికుడు మన రైలు కూతకు హడలి చెట్టెక్కుతున్నాడు. అందరం నవ్వాం. నరసమ్మ నవ్వలేదు.

"ఈడింత పిరికోడైతే మా ఆయనెందుకు పంతులమ్మా? మా సంటిది తుమ్మితే సాలు కదా!"

"ఆయన వెళ్తానంటున్నారా వదినా?"

"మొన్నీ బొమ్మలు సూసొచ్చాడు. రెండు నెలల్లో తిరిగొచ్చేత్తానంతన్నాడు. నానేటి సెప్పినా నవ్వుతన్నాడు. ఆదివారం సంతకం పెడతాడంట."

"ఆదివారం మీరూ రండి. నేనే తిప్పి చూపిస్తాను."

ఆదివారం వాళ్లిద్దరికీ రూట్ తిరగేశాను. ముందు కార్టూన్లు. అప్పారావు కడుపు పట్టుకుని నవ్వాడు. చివర ఇనుప టోపీ. మన సైనికుడిదే. నుదుటి దగ్గర చిల్లు. షోకేసు తీయించి అతని చేతిలో పెట్టాను. ఫిట్టరు కదా, అలవాటుగా రేకు మందం వేళ్లతో చూశాడు.

"ఇంత మందం రేకు... దీనికే సిల్లు పడిపోనాదా?"

ఇంక నవ్వలేదు. బల్ల దగ్గర గుమాస్తా కలం అందిస్తే, "ఘర్ మే పూఛ్‌కర్ ఆతా హూఁ, బాబూ" అన్నాడు, ఇంట్లో అడిగి వస్తానని.

"హమ్మయ్య! ఇల్లొకటుందని గేపకమొచ్చింది," అంది నరసమ్మ.

అతను షెడ్‌లోనే ఉండిపోయాడు. మేనేజరు గారు నన్ను గట్టిగా మందలించారు.

వెళ్లడం తప్పని నేననను. ఆ టోపీ పెట్టుకున్నతనూ ఎవరో ఒకరి కోసం వెళ్లినవాడే. కాని పిరికివాడి బొమ్మ చూపించి పంపడం మాత్రం ఆ టోపీ మనిషికీ అవమానమే అనిపించింది. అప్పటినుంచి ఏ ప్రదర్శనకు వెళ్లినా, గుమ్మం పక్కన చివరగా ఏం పెట్టారో ముందు చూస్తాను.