మా మిరప చేలో సమాధి

చాలా ఏళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది జగ్గయ్యపేట దగ్గర ఊరు. సిమెంటు మోసే గూడ్సు లైను ఊరి మధ్యలోంచి పోతుంది. ఇళ్లు ఒక పక్క. బడి, కొట్లు, బస్సు రోడ్డు ఇంకో పక్క. గూడ్సు వచ్చి ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. జనం వ్యాగన్ల కింద దూరి అవతలికి పోతారు. లైనును ఊరి బయటికి మార్చాలని అందరికంటే ఎక్కువ తిరిగినవాడు మస్తాన్. నందిగామ రోడ్డులో ఆటో నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అన్నా అనే పిలుస్తాడు. కిరాయిలు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి సర్వేవాళ్లు వచ్చారు. కొత్త లైను మా మిరప చేను మీదుగా గీశారు.

రాళ్లు ఏరి ఆ చేనును బాగుచేసింది మా నాన్న. దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు. గ్రామసభలో ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఊరంతా కోరుకుంటున్న దానికి నేనొక్కడినే అడ్డమంటే రేపు ఏ మొహం పెట్టుకుని తిరగను? అందుకని సభకు ముందే చేలో ఒక సమాధి కట్టించి, మా నాన్న అస్థికలు కొన్ని అందులో ఉన్నాయని చెప్పాను. అబద్ధం. అస్థికలన్నీ ముక్త్యాల దగ్గర కృష్ణలో కలిపాను. ఒక్కడినే వెళ్లి కలిపాను, కాబట్టి కాదనేవాళ్లు లేరు.

సభలో ఎవరో గొణిగారు. వాళ్లను కసిరింది మస్తానే.

"పెద్దాయన మట్టిని కదిలిస్తారా? నోరెట్టా వచ్చింది మీకు? ఇంకో దారి చూడమందాం." నా వైపు తిరిగి, "నువ్వు బాధపడమాక అన్నా, నేనున్నా," అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? తల దించుకున్నాను. అందరూ దాన్ని దుఃఖం అనుకున్నారు.

ఇంకో దారి తేలడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఒక పొద్దున మస్తాన్ భార్య ఖాసింబీ పాలకని బయల్దేరి, ఆగి ఉన్న గూడ్సు కింద దూరింది. బండి ఒక్క కుదుపుతో కదిలింది. అంతకు మించి రాయలేను. మా నాన్న మంచాన పడ్డప్పుడు జావ కాచి పంపిన మనిషి ఆమె. జనాజాకి నేనూ భుజం పట్టాను. ఎట్లా పట్టాను?

చేను ఇచ్చినా అప్పటికి లైను పూర్తయ్యేది కాదేమో, ఆ పొద్దున ఆమె అటే వెళ్లేదేమో, ఎవరు చెప్పగలరు అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు నమ్మదు.

ఇప్పుడు లైను పని మొదలైంది. ఊరిని చుట్టి కొండ పక్కనుంచి కట్ట పోస్తున్నారు. మొన్న మస్తాన్ ఆటోలో తీసుకెళ్లి చూపించాడు.

"చూశావా అన్నా, వాగు దాకా వచ్చేసింది. ఇంక ఎవరూ బళ్ల కింద దూరక్కర్లేదు. ఖాసింబీ ఉంటే సంతోషపడేది."

"మస్తాన్..."

"ఏందన్నా?"

ఎండగా ఉంది పోదామన్నాను. తన నీళ్ల సీసా తీసి నాకిచ్చాడు. తాగాను.

అతనికి ఎందుకు చెప్పను? చెబితే నా బరువు అతని మీద పడుతుందని జాలా? పిరికితనమా? పిరికితనమే. చెప్పకుండా ఉండలేను, చెప్పలేను. మీరు నన్ను క్షమించక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు.

ఖాసింబీ చావులో నా పాలు ఉంది. ఈ మాట ఇంతవరకు మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను.