టైలరు బాబాయి ఈల

మా వీధి టైలరు బాబాయి కొలతలు తీసుకున్నాక ఆ చొక్కా ఎవరికి సరిపోతుందో దేవుడికే ఎరుక. అయినా ఏటా వసంతంలో వీధి జనాన్ని అడవిపూలు చూపించడానికి నడిపించుకెళ్ళే పెద్దరికం ఆయనదే. మెడలో టేపు తీసి ఈల వేలాడేసుకున్నాడంటే, అడవి మొత్తం తనే కుట్టినట్టు నడుస్తాడు.

పోయినేడు పొద్దుగూకేదాకా ఒకే గుట్ట చుట్టూ తిప్పాడు. అందుకే ఈసారి బయల్దేరకముందే ఆయన బావమరిది, బస్సు డ్రైవరు, అందరి ముందూ నిలేశాడు.

"బావా, ఈసారి దారి తప్పావో, ఈల నాకిచ్చెయ్యాలి."

"ఒరేయ్, పక్కన కండక్టరు లేకపోతే నీకు మీ ఇల్లే దొరకదు. నువ్వా నాకు చెప్పేది?"

అన్నాడే గానీ, లోపల దడే. సంచీ నిండా కొట్లోని గుడ్డముక్కలు తెచ్చుకున్నాడు. మలుపు మలుపుకీ ఒకటి దారి పక్కన నేల మీద పెడుతూ ముందు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు అవే గుర్తులు.

అందరికన్నా వెనక నేనూ, ఆయన భార్య పిన్నీ. వీధిలో ఎవరి కోడలినీ వదలకుండా మాట్లాడుకుంటున్నాం. పిన్ని బొంత కోసం గోరంత గుడ్డ కూడా పారెయ్యనివ్వదు.

"ఈయన సంచీకి చిల్లు పడ్డట్టుందే," అని కనబడ్డ ముక్కనల్లా తీసి, ఒకదాని మీద ఒకటి మడతపెట్టుకుంటూ వచ్చింది.

చెట్ల కింద పల్లంలో నీలం పూలు ఎంత విరగబూశాయంటే, కాలు పెట్టే చోటు లేక అంత లావు డ్రైవరూ మునివేళ్ళ మీద నడిచాడు. బాబాయి ఈల ఊది ఊది పక్షుల్ని పక్క అడవికి తరిమాడు.

తిరుగుదారిలో మొదటి మలుపు దగ్గరే ఆయన మొహం మాడిపోయింది. డ్రైవరు చెయ్యి చాపాడు.

"ఏం వెతుకుతున్నారండీ?" అంది పిన్ని.

"గుడ్డముక్కలే. గుర్తుకి పెట్టా."

పిన్ని నెమ్మదిగా తన మూట విప్పింది.

"కొంప ముంచావు గదే."

"పెట్టేవాళ్ళు చెప్పి పెట్టాలి. ఉండండి. ఈ పైది ఆఖర్న తీశా, పడిపోయిన మాను దగ్గర. బేకరీ ఆవిడ గౌనుది. చంకలో పట్టలేదని వెనక్కొచ్చింది."

"ఇప్పటికీ పట్టదు," అంది వెనకనుంచి బేకరీ ఆవిడ.

"ఇది ముళ్ళపొద దగ్గరిది. మా తమ్ముడి ప్యాంటు. కూచుంటే చిరిగింది."

అలా ఒక్కో ముక్కా తీస్తూ మమ్మల్ని రోడ్డు ఎక్కించింది. దారితోపాటు బాబాయి చెడగొట్టిన బట్టలన్నీ బయటపడ్డాయి.

"ఈల," అన్నాడు డ్రైవరు.

బాబాయి ఈల తీసి పిన్ని మెడలో వేశాడు. "మీ అక్క మెడలోంచి లాక్కో, చూద్దాం."

డ్రైవరు చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడా ఈల కొట్లోనే మోగుతోంది, బాబాయి కత్తెర వంకర పోయినప్పుడల్లా. మాకు నిద్రల్లేవు.