ముందే చెప్పిన సాక్ష్యం

ముత్తుకూరు ఎవాంజెలిన్ ఒక్కచోట కుదురుగా కూర్చున్న రోజు రేవులో ఓడలన్నీ రోడ్డెక్కుతాయి, నాదీ పూచీ. ఇంజినీరింగ్ చదివిన మనిషి, కనిపించిన ఇనుప గేటునల్లా గోటితో గీకి వాసన చూస్తుంది. ఉప్పుగాలి తెచ్చే తుప్పు మీద పరిశోధనకు యూనివర్సిటీ ఫెలోషిప్ అడిగి, ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. అది రాకుంటే పరిశోధన మాట అంతటితో సరి. అప్పట్నుంచీ ఫోను చూడటం, వాకిట్లోకి పోవడం, మళ్లీ ఫోను చూడటం.

ఈలోగా ఆదివారం చర్చిలో వాళ్లమ్మ రెబెక్కమ్మ లేచి, పాపకు ఫెలోషిప్ వచ్చిందని, దేవుడు చేసిన మేలుకు అందరి ముందూ సాక్ష్యం చెప్పేసింది. చప్పట్లు మోగినాయి. ఎవాంజెలిన్ పాస్టరుగారి వైపు తిరిగి లేచి నిలబడింది.

"ఇంకా రాలేదు అయ్యగారూ."

"విశ్వాసంతో చెప్పినాలే, కూర్చో," రెబెక్కమ్మ కూతురి చున్నీ పట్టి లాగింది. ఎవాంజెలిన్ కూర్చోలేదు.

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి, "కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకోలేం గదమ్మా. ఇక దాన్ని రప్పించుకోవాల్సిందే. అందరూ మోకరించండి," అన్నారు.